గానుగల సెంటర్లో సగం ప్రదక్షిణ

నేను ఒక తారు డ్రమ్మును. ఒకప్పటి తారు డ్రమ్మును అనాలి, కడుపులో తారు పోయి చాలాకాలమైంది. నిండు కుండ తొణకదని మీ పెద్దలు అంటారు. నిజమే, నిండుగా ఉన్నన్నాళ్ళూ నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. ఖాళీ అయ్యాకే నోరు వచ్చింది. కాబట్టి ఈ కథలో మోత కాస్త ఎక్కువగా ఉంటే సర్దుకోండి. పైగా నేను కొన్నాళ్ళు దేవతగా పనిచేసి వచ్చినదాన్ని. ఆ పొగరు ఒక పట్టాన దిగదు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఇనప రేకును గుండ్రంగా చుట్టి, అతుకు వేసి, అడుగు బిగించి, నడుముకు రెండు కట్లు పెట్టారు. ఆ కట్లే నా వడ్డాణాలు. మరిగే తారు పోసి, మూత బిగించి, లారీ ఎక్కించి, గోదావరి ఒడ్డున ఉన్న ఈ ఊరికి పంపారు. దారి పొడుగునా, నేను తొణకలేదు గానీ, నా తోటి డ్రమ్ములు ఒకటే కోతలు. ఒకటి విమానాల రన్‌వేకి వెళుతున్నానంది, ఇంకొకటి ఆరు వరసల హైవేకి వెళుతున్నానంది. తీరా చూస్తే అందరినీ ఒక్కచోటే, గానుగల సెంటర్లో, మురుగు కాలువ పక్కన దింపారు.

కాంట్రాక్టరు మనుషులు నన్ను ఇటుకల మీద పడుకోబెట్టి కింద మంట పెట్టారు. తారు కరిగి బొటబొటా కారిపోయింది. ఆ తారుతోనే ఈ సెంటర్లో రోడ్డు వేశారు. అంటే ఈ ఊళ్ళో మంత్రిగారి కారైనా, మున్సిపాలిటీ చెత్తబండైనా పరిగెత్తేది నా కడుపులోని సరుకు మీదే. ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. నేను మాత్రం రోజూ గుర్తు చేసుకుని మురిసిపోతుంటాను.

రోడ్డు పని అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. నన్ను అక్కడే వదిలేశారు. కొన్నాళ్ళు ఒక గేదె నాకు వీపు రుద్దుకుంది. తర్వాత నన్ను సామ్యేలు మాస్టారు దొర్లించుకుంటూ తీసుకెళ్ళి తన కొట్టు ముందు నిలబెట్టారు.

సామ్యేలు మాస్టారంటే ఈ ఊరి బ్రాస్ బ్యాండుకు పెద్ద. క్లారినెట్ వాయిస్తారు. సెంటరు మూలమీద ఆయన కొట్టు. లోపల గోడలకు బాకాలు, డోళ్ళు, బంగారు జరీ టోపీలు వేలాడుతుంటాయి. మాస్టారు ఆదివారం ఉదయం చర్చిలో పాటలకు వాయిస్తారు, సాయంత్రం పెళ్ళిళ్ళకు వాయిస్తారు, గణపతి నిమజ్జనానికి వాయిస్తారు, ఉరుసుకూ వాయిస్తారు. ఈ ఊళ్ళో ఏ దేవుడు బయల్దేరినా ముందు నడిచేది ఆయనే. కొత్తగా చేరినవాళ్ళకు డోలు నేర్పాలంటే అసలు డోలు ఇచ్చేవారు కాదు, చర్మం చిరుగుతుందని. నా మీదే వాయించమనేవారు. ధనాధన్ ధనాధన్ అని రోజంతా వీపు మీద పడుతుంటే, ఒట్టు, నాకంటే సుఖపడ్డ డ్రమ్ము ఈ జిల్లాలో ఉండదు.

ఇక గానుగల సెంటరు గురించి చెప్పాలి. ఒకప్పుడు ఇక్కడ నూనె గానుగలు ఉండేవట, వాటి చుట్టూ ఎద్దులు తిరిగేవట. ఎద్దులు పోయాయి, పేరు మిగిలింది, తిరగడం మాత్రం ఎవరికీ రాకుండా పోయింది. ఇది నాలుగు రోడ్లు కలిసే చోటు. ఒకటి బస్టాండుకు, ఒకటి గోదావరి గట్టుకు, ఒకటి కూరగాయల మార్కెట్టుకు, ఒకటి రైల్వే గేటుకు పోతుంది. నాలుగు వైపుల నుంచి వచ్చే ప్రతి మనిషికీ ఒకటే నమ్మకం: ముందు తను దూరిపోతే మిగతా లోకం దానంతటదే సర్దుకుంటుందని. ఆ నమ్మకంతో అందరూ నడిమధ్యకు వచ్చి, ముక్కుకు ముక్కు ఆనించి ఆగిపోయేవారు. ఆగినవాళ్ళు ఊరుకుంటారా? తాము కదల్లేరని తెలిసీ ఎదుటివాణ్ణి కదలమని హారను కొట్టేవారు. కుడికి తిరగాల్సినవాడు నాలుగడుగులు చుట్టి రావడానికి బద్ధకించి, ఎదురొచ్చే బళ్ళలోకి అడ్డంగా దూరేవాడు. బస్సు సరిగ్గా మలుపులో ఆగి జనాన్ని ఎక్కించుకునేది. ఎడమకు పోవాల్సినవాళ్ళకు ఒక కరెంటు స్తంభం అడ్డం.

వీళ్ళందరి మధ్యలో హెడ్ కానిస్టేబుల్ దొరబాబు నిలబడేవాడు. భారీ మనిషి, బుంగమీసాలు, బూరలాంటి గొంతు.

"ఓయ్ ఆటో! ఎటెల్తన్నావెహె? ఎనక్కి తియ్!"

"ఎనక బస్సుందండీ!"

"బస్సూ, నువ్వు ఎనక్కి తియ్!"

"నా ఎనక పెళ్ళి కారుందండి బాబూ!"

పెళ్ళికొడుకును వెనక్కి తియ్యమనడానికి మాత్రం దొరబాబుకు నోరొచ్చేది కాదు. అశుభం కదా. అక్కడితో అతని అధికారం అయిపోయేది.

ఈ చిక్కు విడదీయడానికి పైవాళ్ళు ఒక ఉపాయం ఆలోచించారు. సెంటరు మీదుగా ఫ్లైఓవర్. ఒకనాటి ఉదయం కొందరు వచ్చి, కొలతలు వేసి, సామ్యేలు మాస్టారి కొట్టు మెట్టు మీద ఎర్ర రంగుతో ఇంతలావు ఇంటూ గుర్తు గీసి వెళ్ళారు. ఒక స్తంభం సరిగ్గా అక్కడ వస్తుందట. మాస్టారి కొట్టుతో పాటు ఆ వరసంతా పోతుంది.

మాస్టారు ఆ రోజు పాఠం చెప్పలేదు. మెట్టు మీద ఎర్ర గుర్తు పక్కనే కూర్చుని క్లారినెట్ ఒళ్ళో పెట్టుకున్నారు, వాయించలేదు. నాకు ఏడుపొచ్చింది. డ్రమ్ములకు కన్నీళ్ళుండవు కాబట్టి తుప్పు వచ్చిందనుకోండి.

ఆ సాయంత్రం మున్సిపాలిటీ అసిస్టెంట్ ఇంజినీరు ప్రత్యూష వచ్చింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాని పిల్ల. తలమీద పచ్చటి హెల్మెట్టు, చేతిలో పాలిథిన్ సంచి నిండా ముగ్గుపిండి.

"మాస్టారూ, ఈ కొట్టు ఇంకోచోటికి మార్చుకోలేరా?" అని అడిగింది.

"మా నాయన కాడ్నించి ఇక్కడేనమ్మా. పెళ్ళివోరు బ్యాండు మాట్లాడుకోడానికి సెంటరుకే వత్తారు గానీ సందులంట తిరగరు కదండీ. సందులో ఎట్టిన బ్యాండు కొట్టు సముద్రంలో వాయించినట్టే."

ప్రత్యూష కాసేపు సెంటరు వైపు చూసింది. అప్పుడే ఒక కొబ్బరికాయల లారీ, ఒక స్కూలు బస్సు, ఒక ఐస్ బండి ముక్కులు ఆనించుకుని ఉన్నాయి. "దీనికి ఫ్లైఓవర్ అక్కర్లేదు మాస్టారూ. బస్సు నాలుగడుగులు ముందుకు వెళ్ళి ఆగాలి. ఆ కరెంటు స్తంభం పక్కకు జరగాలి. మధ్యలో ఏదైనా గుండ్రంగా ఒకటి ఉండాలి, అందరూ దాని చుట్టూ ఒకే వైపు తిరగాలి. అంతే," అంది.

ఈ ముక్కే మున్సిపల్ కమిషనరుగారితో కూడా చెప్పిందట. ఆయన నవ్వారట. మంచివాడే, కానీ చిన్న పని మీద నమ్మకం లేని మనిషి. "దసరా వెళ్ళాక వచ్చే తొలి పెద్ద ముహూర్తం నాటి సాయంత్రం నేనే వస్తాను. ఆ రోజు నా జీపు ఆ సెంటర్లో ఆగకుండా దాటితే మీ మాటే నెగ్గినట్టు. ఆగిందా, స్తంభాలు లేస్తాయి," అన్నారట. పెద్ద ముహూర్తం అంటే ఈ ఊళ్ళో తెలుసు కదా, ప్రతి వీధిలోనూ ఒక పెళ్ళికొడుకు ఉంటాడు.

"గుండ్రంగా ఒకటి" అన్నప్పుడే ప్రత్యూష కళ్ళు నా మీద పడ్డాయి. నాకు గుండె ఝల్లుమంది.

మర్నాడు నాకు తెలుపు, నలుపు చారల రంగు వేశారు. కడుపు నిండా గోదావరి ఇసుక పోశారు. ఇన్నాళ్ళకు మళ్ళీ నిండు కుండనయ్యాను. నలుగురు మనుషులు ఈడ్చుకెళ్ళి సెంటరు నడిబొడ్డున నిలబెట్టారు. నా చుట్టూ పెద్ద వలయంలా ముగ్గుపిండితో గీత గీశారు. బస్టాపు ముందుకు జరిపారు, కరెంటు స్తంభం పక్కకు జరిపించారు. ఇంజినీరమ్మ నా చుట్టూ తిరుగుతూ ముగ్గు వేస్తుంటే, మార్కెట్టుకు వెళ్ళే ఆడవాళ్ళు ఆగి మరీ చూశారు. "గీత వంకరొచ్చిందమ్మా," అని ఒకావిడ బుట్ట దించి సరిచేసి పోయింది కూడా.

ఇక ఊరు మారిపోతుందని నేను అనుకున్నాను. ఊరు నన్ను చూసి ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, తర్వాత నాకు రెండు వైపులా దూరిపోయింది. తిరగడం మాట దేవుడెరుగు, కుడివైపు దగ్గరైతే కుడివైపు నుంచి, ఎడమవైపు దగ్గరైతే ఎడమవైపు నుంచి. ముందు రోడ్డు మధ్యలో ముక్కులు తాకించుకునేవారు, ఇప్పుడు నా పక్కన తాకించుకుంటున్నారు. ఒక ఆటో నా పొట్టకు సొట్ట పెట్టింది. పెట్టి, "రోడ్డుకడ్డంగా ఈ డబ్బా ఏటండీ!" అని నన్నే తిట్టింది. దొరబాబు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. "ఎడమ పక్కనించి తిరగండ్రా బాబూ" అనే మాట అతని నోట్లోంచి చివరికి గాలిలాగా వచ్చేది. ప్రత్యూష రోజూ సాయంత్రం వచ్చి, చెరిగిపోయిన ముగ్గును మళ్ళీ వేసి వెళ్ళిపోయేది.

అంతలో దసరా వచ్చింది. ఆ రోజు ఆయుధ పూజ. పనిముట్టు ఉన్న ప్రతివాడూ దానికి బొట్టు పెట్టుకునే రోజు. బస్సులకు మామిడాకులు కట్టారు, రిక్షాలకు బంతిపూలు చుట్టారు, కుట్టుమిషన్లకు పసుపు రాశారు. సామ్యేలు మాస్టారి దగ్గర పనిచేసే డోలువాళ్ళు డోళ్ళకు కుంకం పెడుతుంటే ఆయన "కానివ్వండ్రా, దానికీ ఓ రోజు కావాల" అని నవ్వుతూ కూర్చున్నారు. దొరబాబు తన లాఠీకి బొట్టు పెట్టాడు, ఈలకు పెట్టాడు. తర్వాత నన్ను చూశాడు.

"నువ్వూ డిపార్ట్‌మెంటే కదా," అన్నాడు.

నాకు ఒళ్ళంతా పసుపు రాసి, నుదుటి మీద అరచేయంత కుంకం బొట్టు పెట్టాడు. మెడలో బంతిపూల దండ వేశాడు. నా ముందు నిమ్మకాయ కోసి, కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, చెంపలు వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. తుడవడం మర్చిపోయాడు. ఈ ఒక్క మరపే నా జాతకం మార్చింది.

మర్నాడు పొద్దున్నే సోమయాజులుగారు మోపెడ్ మీద వచ్చారు. ఆయన ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళు చేయించే పురోహితులు. చూపు సరిగా ఆనదు, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయారు. నడిరోడ్డు మీద పసుపు, కుంకుమ, బంతిదండ, కొబ్బరిచిప్పలు కనిపించాయి. ఇంకేం కావాలి? ఆయన చెయ్యి గుండె మీద పెట్టుకుని, మోపెడ్ దిగకుండానే, నా చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, దణ్ణం పెట్టుకుని మార్కెట్టు వైపు వెళ్ళిపోయారు.

సోమయాజులుగారు ప్రదక్షిణ చేస్తుంటే చూస్తూ ఊరుకునే ఊరా ఇది? వెనకాల వస్తున్న స్కూటరు తిరిగింది. దాని వెనకాల పాలవాడు తిరిగాడు. కూరగాయల ఆటో తిరిగింది. మధ్యాహ్నానికి నాకు ఒక పేరు కూడా పెట్టేశారు, మలుపులమ్మ తల్లి అని. ఎవరు పెట్టారో తెలియదు. దేవతలకు పేరెవరు పెడతారో దేవతలకు మాత్రం ఏం తెలుస్తుంది?

ఇక నా వైభోగం చూడాలి! కొత్త బళ్ళు కొన్నవాళ్ళు నా ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. పరీక్షలకు వెళ్ళేవాళ్ళు హాల్ టిక్కెట్లు నా మూతకు తాకించారు. నాకు సొట్ట పెట్టిన ఆటోవాడు వచ్చి, ఆ సొట్టకే పసుపు రాసి, "తెలీక చేసేనమ్మా" అని లెంపలు వేసుకున్నాడు. నాకు నవ్వాగలేదు. కడుపులో ఇసుక ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఆ నవ్వుకు ఊరంతా మోగేది.

కానీ అసలు వింత అది కాదు. ప్రత్యూష ముందుగా దాన్ని పట్టుకుంది. బ్యాండు కొట్టు మెట్టు మీద నిలబడి చూస్తూ, ఒక్కసారిగా మాస్టారి భుజం పట్టి ఊపేసింది.

"మాస్టారూ, చూడండి! ఒక్కడు కూడా రాంగ్ సైడు రావట్లేదు!"

నిజం. ప్రదక్షిణ అంటే దేవుణ్ణి కుడిచేతి వైపు ఉంచుకుని తిరగాలి. మన రోడ్లమీద గుండ్రంగా తిరగాల్సింది కూడా సరిగ్గా అలాగే. దొరబాబు ఈల, గొంతు, లాఠీ కలిసి నేర్పలేకపోయింది ఒక చిటికెడు కుంకం నేర్పేసింది. అడ్డంగా దూరేవాడు దూరడానికి రెడీ అయ్యేవాడు, నా బొట్టు చూసేవాడు, దేవుణ్ణి ఎడమచేతి వైపు ఉంచితే అపసవ్యమని గుర్తొచ్చేది, బుద్ధిగా చుట్టి వచ్చేవాడు. మీ మనుషులు చలానాకు భయపడరు గానీ అపసవ్యానికి మాత్రం హడలిపోతారు.

ప్రత్యూష ఆనందం రెండు రోజులే. ఎందుకంటే జనం తిరగడం నేర్చుకున్నారు, తిరగడం ఆపడం నేర్చుకోలేదు. ప్రతివాడూ మూడు చుట్లు! ఎడమకు పోవాల్సినవాడు కూడా నా దాకా వచ్చి మూడు తిరిగి వెళ్ళేవాడు. బస్సు డ్రైవరు మూడు తిప్పాడు. లోపల ప్రయాణికుల్లో కొందరు గోవింద కొట్టారు, ఒకావిడ వాంతి చేసుకుంది. కాలేజీ కుర్రాడొకడు పదకొండు మొక్కుకున్నాడట. మధ్యాహ్నానికల్లా సెంటరంతా ఒక్కటే గానుగ. ఎవరూ ఆగరు, ఎవరూ బయటికి పోరు. పాతకాలం ఎద్దులు ఎక్కడున్నా ఆ వేళ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుని ఉంటాయి.

ముహూర్తం ఎల్లుండి. ప్రత్యూష బ్యాండు కొట్టు మెట్టు మీద ఎర్ర గుర్తు పక్కనే కూలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

"అంతా చెడగొట్టేశాను మాస్టారూ. రేపే ఆ బొట్టు తుడిచేయిస్తాను."

"బొట్టు తుడిత్తే మళ్ళీ అడ్డంగా దూరతారమ్మా," అన్నారు సామ్యేలు మాస్టారు టీ గ్లాసు అందిస్తూ. "నన్ను చూడండి. నాకు మొక్కు లేదు కాబట్టి సగం తిరిగి నా దారిన నేను పోతన్నాను. అందరూ నాలాగే సగం తిరిగితే సాలు కదండీ."

ప్రత్యూష చప్పున తలెత్తింది. టీ సగంలో వదిలేసి సోమయాజులుగారింటికి పరిగెత్తింది. ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చేసరికి సాయంత్రమైంది. ఈసారి ఆయన కళ్ళజోడు పెట్టుకుని వచ్చారు. నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఇది డ్రమ్ము కదుటమ్మా!"

"అవునండీ."

"నేను మూడు ప్రదక్షిణలు చేశానే!"

"అందుకే ఊరంతా చేస్తోందండీ. మీరే మొదలుపెట్టారు, మీరే ఆపాలి. లేకపోతే మాస్టారి కొట్టు పోతుంది."

ఆయన ఎర్ర గుర్తు చూశారు, మాస్టారిని చూశారు. వాళ్ళిద్దరూ ఎన్ని పెళ్ళిళ్ళలో ఎదురుబొదురు నిలబడ్డారో! ఈయన మంత్రం ఆపి చెయ్యెత్తితే ఆయన బాజా మొదలయ్యేది. "డ్రమ్ముకి ఆగమంలో విధి ఎక్కడా చెప్పలేదమ్మా," అని గొణిగారు. తర్వాత బ్యాండు వాళ్ళ మైకు అందుకున్నారు.

"అయ్యలారా, అమ్మలారా! మలుపులమ్మ మార్గానికి సంబంధించిన తల్లి. ఈవిడ దగ్గర దారి ఆగకూడదు. ఎడమకి వెళ్ళేవాళ్ళు లోపలికి రానక్కర్లేదు, పక్కనుంచే దణ్ణం. నేరుగా వెళ్ళేవాళ్ళు సగం ప్రదక్షిణ. కుడికి వెళ్ళేవాళ్ళు ముప్పావు. పూర్తి ప్రదక్షిణ ఎవరికంటారా, ఇంట్లో ఏదో మర్చిపోయి వెనక్కి పోయేవాళ్ళకి మాత్రమే! బండి ఆపి కొబ్బరికాయ కొడితే ఫలితం ఉండదు. కదులుతూ ఉన్నవాడికే ఈవిడ కటాక్షం."

మైకు ఇచ్చేసి, చెమట తుడుచుకుని, "అబద్ధం కాదు కదూ?" అని ప్రత్యూషను మెల్లిగా అడిగారు.

"ఒక్క ముక్క కూడా కాదండీ. మా పుస్తకాల్లో అచ్చం ఇలాగే ఉంది," అంది ఆ పిల్ల.

ముహూర్తం రోజు వచ్చింది. దీపాలు పెట్టే వేళకు బస్టాండు వైపు నుంచి ఒక ఊరేగింపు, గట్టు వైపు నుంచి ఒకటి, రైల్వే గేటు వైపు నుంచి ఒకటి, మూడూ సెంటరు మీద పడ్డాయి. ముందుగా వచ్చింది సామ్యేలు మాస్టారి బ్యాండే. ఇక్కడే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే ఈ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్ళి ఊరేగింపు గానుగల సెంటరుకు వచ్చిందంటే ఆగి తీరాలి. బ్యాండు గుండ్రంగా నిలబడాలి, ఒక పాటైనా పూర్తిగా వాయించాలి, పెళ్ళికొడుకు స్నేహితులు ఒళ్ళు తెలియకుండా గంతులెయ్యాలి. అలా ఆగని పెళ్ళిని పెళ్ళిగా లెక్కపెట్టరు. మాస్టారు కుర్రతనం నుంచీ ఇక్కడ ఆగకుండా ఒక్క పెళ్ళీ నడిపించలేదు. ఆగితే ఆయన కొట్టు పోతుంది. ఆగకపోతే ఆయన పేరు పోతుంది.

మాస్టారు నా దగ్గరికి వచ్చారు. నా వైపు ఒకసారి చూశారు. క్లారినెట్ ఎత్తి, ఆగకుండా, నన్ను కుడివైపు ఉంచుకుని నడుస్తూనే పాట అందుకున్నారు. వెనకాల డోళ్ళు తడబడి, అందుకుని, నడిచాయి.

"ఓ మాస్టారూ, ఆగరేటి? ఇది సెంటరు!" అని పెళ్ళికొడుకు మేనమామ అరిచాడు.

"మలుపులమ్మ కాడ ఆగకూడదండీ! ఇక్కడాగితే పెళ్ళికొడుకు పీటల కాడా ఆగిపోతాడంట!" అన్నారు మాస్టారు ఊపిరి తీసుకునే సందులో.

మేనమామ హడలిపోయాడు. "నడవండ్రా! నడుత్తా ఎగరండి!" అని స్నేహితులను తోశాడు. వాళ్ళు ఎగురుతూ నడిచారు, నడుస్తూ ఎగిరారు, సగం చుట్టు తిరిగి మార్కెట్టు రోడ్డులోకి జారిపోయారు. వెనకాల రెండో ఊరేగింపు అలాగే తిరిగింది. దాని పక్కనుంచి బస్సు తిరిగింది. మూడోది వచ్చి కలిసింది. మూడు బ్యాండ్లు, ఒక బస్సు, పూలకారులు, ఆటోలు, చెరకు బండి, అన్నీ నా చుట్టూ! ఇసుక నిండిన నా పొట్టలో కూడా ఏదో కితకితలుగా కదిలింది. అమ్మమ్మమ్మ, నా జన్మకు అంత సంబరం ఎప్పుడూ ఎరగను.

సరిగ్గా అప్పుడే కమిషనరుగారి జీపు వచ్చింది. గట్టు వైపు నుంచి వచ్చి, కుడికి తిరిగి బస్టాండు రోడ్డులోకి పోవాలి. డ్రైవరుకు ఈ ఊరు కొత్త. తన ఊరి అలవాటు ప్రకారం దగ్గరి దారి చూసుకుని, నా చుట్టూ తిరిగి రాకుండా అడ్డంగా కుడివైపుకు దూర్చాడు.

"అపసవ్యం!" అని పూలమ్మే ఆవిడ కేక పెట్టింది.

"అపసవ్యం! అపసవ్యం!" అని సెంటరంతా గొల్లుమంది. ఆటోవాళ్ళు అరిచారు, పెళ్ళివాళ్ళు అరిచారు, చెరకు బండివాడు చెరకు ఊపాడు. గొంతు పోయిన దొరబాబు పరిగెత్తుకెళ్ళి జీపు ముందు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. జీపు ఆగిపోయింది.

లోపల ఎవరున్నారో అప్పుడు చూశాడు దొరబాబు. అతని బుంగమీసాలు రెండూ కిందికి వాలిపోయాయి. కొట్టు మెట్టు మీద ప్రత్యూష రెండు చేతులతో నోరు మూసుకుంది. జీపు ఆగితే స్తంభాలు లేస్తాయని మాట. జీపు ఆగింది.

కమిషనరుగారు దిగారు. "నా జీపు ఆగింది," అన్నారు ప్రత్యూషతో.

"ఆగిందండీ," అంది ఆ పిల్ల.

ఆయన ఇంకేదో అనబోయి చుట్టూ చూశారు. మూడో ఊరేగింపు తోక సగం చుట్టు దాటి వెళుతోంది. బస్సు ముప్పావు తిరిగి తన దారి పట్టింది. ఒక స్కూటరు పూర్తి చుట్టు తిరిగి, వెనక కూర్చున్నావిడ "గ్యాసు కట్టేనో లేదో!" అంటూ ఇంటి వైపు పోయింది. ఆయన చాలాసేపు అలాగే నిలబడ్డారు. నిలబడ్డది ఆయనొక్కరే. ఉన్నట్టుండి ఫెళ్ళున నవ్వారు.

"ఊరంతా కదులుతోంది, ఆగింది నా బండి ఒక్కటేనమ్మా!" అన్నారు. డ్రైవరు వైపు తిరిగి, "వెనక్కి తీసి అందరిలాగే చుట్టి రావయ్యా. నేను నడిచి వస్తాను," అన్నారు. ఆయన నడుస్తూ నా పక్కగా వెళ్ళారు. ఏ పక్కగా అంటారా? నన్ను కుడివైపు ఉంచుకునే.

ఫ్లైఓవర్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్ళకు నా స్థానంలో అసలైన సిమెంటు సర్కిల్ కట్టడానికి మనుషులు వచ్చారు. నన్ను తీసేయాలి. ఒక్కడు కూడా ముట్టుకోవడానికి సాహసించలేదు. మళ్ళీ సోమయాజులుగారే రావాల్సి వచ్చింది. ఆయన నా ముందు నిలబడి, మంత్రం చదివి, రెండు చేతులతో నన్ను కొంచెం ఉత్తరం వైపు జరిపారు. ఇసుకతో ఉన్నదాన్ని, బొత్తిగా ఇంతే జరిగాను. దాన్ని ఉద్వాసన చెప్పడం అంటారు. ఉద్యోగం పోయినప్పుడు మీరు అనేదీ ఆ మాటే కదా. నాకు మాత్రం దుఃఖం రాలేదు. నాకంత మర్యాదగా ఉద్యోగం ఊడినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారు?

ఇసుక పారబోశారు, బొట్టు కడిగేశారు. "ఇది మాదేనండీ," అని సామ్యేలు మాస్టారు వచ్చి నన్ను దొర్లించుకుపోయారు. ముందు బ్యాండు వాయిస్తుంటే, వెనకాల నేను దొర్లుతుంటే, సెంటరంతా ఈలలు వేసింది. ప్రత్యూష ఊరికి ఆ చివర ఇంకో సెంటర్లో ముగ్గు వెయ్యాలట. అయినా ఆగి చప్పట్లు కొట్టి వెళ్ళింది.

ఇప్పుడు నేను బ్యాండు కొట్టు మెట్టు మీద ఉన్నాను. మాస్టారు కావాలనే నన్ను ఆ ఎర్ర గుర్తు మీద నిలబెట్టారు. స్తంభం లేవాల్సిన చోట నేను నిలబడ్డాను. నా కింద ఆ గుర్తు ఇంకా ఉంది, నన్ను జరిపితే తప్ప ఎవరికీ కనబడదు. ఎదురుగా సిమెంటు సర్కిల్ చుట్టూ ఊరు తిరుగుతూనే ఉంది. అందులో గడ్డి వేశారు, బొట్టూ దండా ఏమీ లేవు. అయినా అడ్డంగా దూరబోయినవాడు ఎవరైనా ఉంటే పూలమ్మే ఆవిడ అరిచే అరుపు ఇక్కడికి వినిపిస్తుంది.

పొద్దున్నే మాస్టారు షట్టరు ఎత్తుతారు. డోలు నేర్చుకోవడానికి కొత్తవాడు వచ్చి నా ముందు నిలబడతాడు. ఇన్నాళ్ళూ దేవతగా ఉన్నదాన్ని కొట్టడమా అని వాడు ముందు లెంపలు వేసుకుంటాడు.

"భయపడకు," అంటారు మాస్టారు. "కాళీ డ్రమ్మే. గట్టిగా కొట్టు."

ధనాధన్ ధనాధన్.